ఒక గది మ్యూజియం: మా లంకలో పట్టిన రెండున్నరేళ్లు

2025 జనవరి 15న, కనుమ నాడు, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఉన్న మా లంక గ్రామంలో పాత పంచాయతీ భవనం మేడమీది గదిని ఊరి మ్యూజియంగా తెరిచాము. ఆలోచన పుట్టింది 2022 జూలై వరద తరువాత. ఈ మధ్యకాలంలో ఏ పని ఎంత ఆలస్యమైందో, డబ్బు ఎక్కడెక్కడ ఖర్చయిందో, ఎవరు ఏమన్నారో రాసిపెట్టమని, తమ ఊళ్లలోనూ ఇలాంటి గది పెట్టుకోవాలనుకుంటున్న పక్క మండలాల వారు కొందరు అడిగారు. నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. పుస్తకాలకు నంబర్లు వేసి రిజిస్టరులో ఎక్కించడం తప్ప మ్యూజియం పనేదీ నాకు తెలియదు. చివరికి అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చింది ఆ రిజిస్టరు పనే.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలారు. 1986 ఆగస్టు వరద ఇంతకన్నా పెద్దది. అప్పుడు భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు. మా లంకలో మాత్రం వరదను కొలిచేది ఎవరింట్లో ఎన్ని మెట్లు మునిగాయన్న లెక్కతోనే. నీరు తగ్గిన తరువాత ప్రతి ఇంటి ముందూ బురద పట్టిన సామాను గుట్టలుగా పడింది. ట్రంకుపెట్టెల్లోని దస్తావేజులు, పెళ్లి ఫొటోలు, శిస్తు రసీదులు ముద్దలై బయటికి వచ్చాయి. కొందరు వాటిని ఎండలో పరిచారు, కొందరు పారేశారు. రెండో వారంలో స్టీలు సామాన్ల వ్యాపారులు పడవ దాటి వచ్చి, బురద పట్టిన ఇత్తడికి కొత్త స్టీలు గిన్నెలు ఇస్తామని వీధివీధికీ తిరిగారు. నా కళ్లముందే కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్దె పూర్తిగా ఉన్న ఒక కొలపాత్రల వరుస రెండు స్టీలు క్యాన్లకు మారకమైపోయింది. ఆ సాయంత్రమే, సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేసిన మా మరిది గారితోనూ, హైస్కూలు తెలుగు మాస్టారితోనూ ఈ మాట ఎత్తాను.

మొదట తడిసిన కాగితాల సంగతి చూడవలసి వచ్చింది. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు దగ్గర ఉన్న రాళ్లబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్లాము. 1967 నుంచి ఉన్న ఆ ప్రదర్శనశాలలో నాణేలు, శిల్పాలు, తాళపత్రాలు ఉన్నాయి. అక్కడి ఉద్యోగి ఒకరు ఓపికగా చెప్పిన విషయాలు ఈరోజుకీ మా గది గోడమీద అంటించి ఉన్నాయి. తడి కాగితాన్ని ఎండలో పెట్టకూడదు, నీడన ఫ్యానుగాలికి ఆరనివ్వాలి. అంటుకున్న పేజీలను గోటితో విడదీయకూడదు, మధ్యలో సిరాపీల్చే కాగితం పెట్టి రోజుకు రెండుసార్లు మార్చాలి. ఆరిన తరువాత కూడా లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు తాకించవద్దు. మా ఊళ్లో కనీసం పది ఇళ్లవారు అప్పటికే అమలాపురం వెళ్లి, తాతల నాటి దస్తావేజులను లామినేషన్ చేయించుకుని వచ్చేశారు. వేడికి సిరా చెదిరి, ప్లాస్టిక్ లోపల తేమ చిక్కుకుని, ఆరు నెలల్లో వాటిమీద గోధుమరంగు మచ్చలు లేచాయి.

గది దొరకడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. పంచాయతీ కొత్త భవనంలోకి మారిపోయింది కనుక పాతది ఖాళీగానే ఉంది. కానీ కింది గదిలో ఇసుక బస్తాలు, మేడమీద ఎన్నికల సామాను ఉన్నాయి. కింది గది ఇస్తామని సర్పంచి గారు వెంటనే ఒప్పుకున్నారు. మేము మేడమీదిదే కావాలని పట్టుబట్టాము. 1986 నీటిమట్టం ఎంతవరకు వచ్చిందో తెలిస్తే గదిలో అరలు ఎంత ఎత్తున పెట్టాలో తేలుతుందని అనుకున్నాము. మెట్ల గోడమీద అప్పట్లో గీసిన గీత సున్నాల కింద పోయింది. పెద్దవాళ్లు ముగ్గురిని అడిగితే ముగ్గురూ మూడు ఎత్తులు చూపించారు. అందులో అన్నిటికన్నా పైదాన్ని ఖాయం చేసుకుని, మేడమీది గది దానికన్నా నాలుగు అడుగులు పైనే ఉందని తేలాక తీర్మానం రాయించాము. 2023 ఏప్రిల్‌లో తాళంచెవి చేతికొచ్చింది.

సంస్థ రిజిస్ట్రేషన్ గురించి ఎక్కువ రాయవలసిందేమీ లేదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఉద్దేశాల పత్రం, నియమావళి, అందరి ఆధార్ నకళ్లు, గది వాడుకోవడానికి పంచాయతీ ఇచ్చిన లేఖ జతచేయాలి. మేము ముందు పెట్టుకున్న పేరు ప్రభుత్వ సంస్థ అన్న అర్థం ఇస్తుందని చెప్పి మార్చమన్నారు. పేరు మార్చి మళ్లీ ఇచ్చాము. అక్టోబరులో ఇచ్చిన కాగితాలకు డిసెంబరులో ధ్రువపత్రం వచ్చింది. రాయించిన ఖర్చు, ప్రయాణాలు, రుసుము అన్నీ కలిపి నాలుగు వేల చిల్లర అయింది. దీని తరువాత బ్యాంకు ఖాతాకు సంస్థ పేరున పాన్ కార్డు కావాలి కనుక, విరాళాలు తీసుకోవడానికి ఇంకో నెలన్నర ఆగవలసి ఉంటుందని ముందే తెలుసుకోవడం మంచిది.

వస్తువులు సేకరించడం మాత్రం గది చేతికి రాకముందే మొదలైంది. ఇక్కడ నేను ఊహించని విషయం ఒకటి ఉంది. వస్తువు ఇవ్వడానికి ఎవరూ పెద్దగా వెనుకాడలేదు. చెక్క కవ్వాలు, గంధపు సానలు, ఏతాం బానలు, తాటాకు గొడుగు కమ్మీలు, కొబ్బరి పీచు తాడు పేనే చక్రాలు అడగకుండానే అరుగుమీదికి వచ్చి చేరాయి. అది ఎవరిది, ఎప్పటిది, ఎవరు వాడారు అని అడిగేసరికి మాత్రం ఇల్లంతా మౌనం. వస్తువుతో పాటు ఆ మాట రాయకపోతే అది మా గదిలో ఉన్నా, స్టీలు సామాన్లవాడి బస్తాలో ఉన్నా ఒకటేనని నేను మొదటి నుంచీ అంటూ వచ్చాను. కొందరికి నా పట్టుదల విసుగు కూడా తెప్పించింది.

మూడు రంగుల రసీదు పుస్తకాలు అచ్చువేయించాము. శాశ్వతంగా ఇచ్చేవారికి తెల్లది, మ్యూజియం తెరిచిన రోజు నుంచి రెండేళ్లకు అప్పుగా ఇచ్చేవారికి పసుపుది, నకలు తీసుకుని వెనక్కి ఇచ్చేయమనేవారికి గులాబీ రంగుది. ఎక్కువమంది పసుపు రసీదే కోరుకున్నారు. రసీదు మీద ఎవరు సంతకం చేయాలన్నది ఇంకో చిక్కు. ఊళ్లో ఉన్న అన్నగారు సంతోషంగా ఇచ్చిన భోషాణం గురించి, హైదరాబాదులో ఉన్న తమ్ముడు గారు ఫోను చేసి ‘మమ్మల్ని అడగకుండా ఎలా తీసుకున్నారండీ’ అని నిలదీశారు. అప్పటి నుంచి వాటాదారులందరి దగ్గరా వాట్సాప్‌లో మాట రికార్డు చేయించుకుని, ఆ తేదీని రసీదు వెనుక రాయడం అలవాటు చేసుకున్నాము.

దస్తావేజులు చూపించడానికి మాత్రం జనం భయపడ్డారు. ఆ రోజుల్లో భూముల రీసర్వే జరుగుతోంది. పాత కాగితం బయటపడితే ఏ సరిహద్దు తగాదా లేస్తుందోనని, నకలు తీసుకుంటే అది ఎవరి చేతికి పోతుందోనని వారి అనుమానం. నేను వారిని తప్పు పట్టను. ఆ కాగితాలను ఇల్లు దాటించకుండా, వారి వరండాలోనే తెల్లదుప్పటి పరిచి, సర్వే నంబర్లు, సరిహద్దులు కనిపించకుండా కాగితపు ముక్కతో కప్పి, పేర్లు, తేదీలు మాత్రమే ఫొటో తీస్తామని చెప్పిన తరువాత కొంతమంది ఒప్పుకున్నారు.

ఇత్తడి సామాను గురించి ముందే చెప్పి ఉంచవలసిన జాగ్రత్త ఒకటుంది. ఎవరైనా బిందె ఇస్తామన్నారంటే, మనం వెళ్లేసరికి చింతపండుతో మెరిసేలా తోమి సిద్ధంగా పెడతారు. అది మర్యాద. కానీ తోమినకొద్దీ దాని మీది చుక్కల అక్షరాలు అరిగిపోతాయి. మా ప్రాంతంలో పెళ్లి సామాను మీద పేర్లు వేయించడం ఆనవాయితీ కనుక, పుట్టింటివారు ఇచ్చిన బిందె మీద పెళ్లికూతురి పేరు, ఇంటిపేరు, కొన్నిటిమీద తెలుగు సంవత్సరం పేరు కూడా ఉంటాయి. దస్తావేజుల్లో తండ్రి పేరు, కొడుకు పేరు తప్ప ఆడవాళ్ల పేర్లు అరుదు. ఊరి ఆడవాళ్ల పేర్లు నాకు దొరికింది వంటింట్లోనే.

అలాంటి బిందె ఒకటి మమ్మల్ని వేసవి అంతా తిప్పింది. దాని మీద ఒక స్త్రీ పేరు, ఇంటిపేరు, ‘కీలక వైశాఖ’ అని ఉన్నాయి. తెలుగు సంవత్సరాలు అరవయ్యేళ్లకోసారి తిరిగివస్తాయి కనుక కీలక అంటే 1908 కావచ్చు, 1968 కావచ్చు. ఇచ్చిన కోడలు గారు అది తన అత్తగారి పెళ్లిదేనని, 1968 అని గట్టిగా చెప్పారు. అయితే ఆ అత్తగారికి పెట్టినది నాయనమ్మ పేరు, పైగా మేనరికం కావడంతో ఇంటిపేరూ ఒకటే. అందువల్ల పేరు చూసి తేల్చే వీలు లేకపోయింది. తణుకు వైపు అజ్జరం వెళ్లి, ఇత్తడి పనివారిని అడిగాము. రేకు అంచులను పళ్లలా కోసి ఒకదానిలో ఒకటి దూర్చి అతికిన అతుకును వెలుతురులో పెట్టి చూపించి, ఇది పాతకాలపు పని అని వారన్నారు. ఏ ఏటిదో మాత్రం చెప్పలేమన్నారు.

జవాబు కరణం గారి ఇంటి కాగితాల్లో దొరికింది. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు ప్రభుత్వ లెక్కలు అప్పగించేసినా, వారి సొంత ఇచ్చిపుచ్చుకోళ్ల పుస్తకాలు అటకమీదే ఉండిపోయాయి. అందులో ఫసలీ (పాత శిస్తు లెక్కల సంవత్సరం) 1332 నాటి తాకట్టు చీటీ ఒకటి ఉంది. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది, జూలైలో మొదలవుతుంది. అంటే అది 1922-23. చీటీలో అదే ఇంటిపేరుతో, ‘పేరు వేసిన యిత్తడి బిందె 1కి వీశెలు 3’ అని రాసి, పేరు కూడా ఉంది. వీశె అంటే సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. బిందెను కిరాణా కొట్టు కాటామీద పెడితే నాలుగు కిలోల నూట యాభై గ్రాములు తూగింది. 1922-23లోనే తాకట్టులో ఉన్న బిందె 1968 నాటిది కాలేదు కదా.

నా సంతోషం ఒక్క పూటే నిలిచింది. ఈ సంగతి చెప్పడానికి వెళితే కోడలు గారి ముఖం చిన్నబోయింది. ‘తాకట్టు పెట్టారని గోడమీద రాస్తారా అమ్మా? మా మామగారు బతికి ఉంటే ఒప్పుకునేవారా?’ అన్నారు. వంద ఏళ్ల కిందటి ఇబ్బంది ఈనాటికీ పరువు సమస్యే. బిందెను వెనక్కి ఇచ్చేయమని అంటారేమోనని మూడు వారాలు ఎదురుచూశాము. చివరికి బిందె ప్రదర్శనలో ఉండాలని, తాకట్టు చీటీ అల్మారాలో ఉండాలని, బిందె పక్కన పెట్టే వివరాల చీటీ మీద ‘సంవత్సరం 1908’ అని మాత్రం రాయాలని మాట కుదిరింది. రిజిస్టరులో అన్నీ ఉన్నాయి. చూడాలని వచ్చి అడిగినవారికి ఆ కుటుంబం అనుమతితో చూపిస్తాము. పరిశోధన చేసేవారికి ఇది నచ్చకపోవచ్చు. ఊళ్లోనే ఉండి, రేపు ఆ ఇంటి గడపే మళ్లీ తొక్కవలసినవాళ్లకు ఇంతకన్నా మార్గం లేదని నా అభిప్రాయం.

తాళపత్రాల సంగతి త్వరగానే తేలింది. ఒక ఇంటి నుంచి తడిసిన కట్ట ఒకటి వచ్చింది. అందులో వైద్యం రహస్యాలున్నాయని మూడు తరాలుగా ఆ ఇంట్లో నమ్మకం. ఆకులు ఆరిన తరువాత మెత్తటి కుంచెతో దులిపి, నిమ్మగడ్డి నూనె పలచగా రాసి, గంటపు గీతల్లో మసి నింపితే అక్షరాలు కనిపించాయి. చదవగలిగినాయన చూసి, అందులో ఉన్నవి జాతకాలు, ధాన్యం లెక్కలు, కొన్ని పద్యాలు అని చెప్పారు. ఇంటివారు నిరాశపడ్డారు. ధాన్యం లెక్కలు దొరికినందుకు నాకు మాత్రం పండగే.

నాణేల విషయంలో చట్టం తెలుసుకుని ఉండాలి. భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. వందేళ్లు దాటిన వస్తువులకు, డెబ్బై అయిదేళ్లు దాటిన రాతప్రతులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అందుకని చెరువు తవ్వకంలోనో, పొలంలోనో దొరికిందని చెప్పిన దేన్నీ మేము తీసుకోలేదు. రెవెన్యూ కార్యాలయంలో చెప్పమని పంపించాము. ఇంట్లో తరతరాలుగా ఉన్నవే తీసుకున్నాము. వాటిలో నాకు బాగా నచ్చినది, పిల్లల మొలతాడుకు కట్టే చిల్లు కాసు. దాని మీద వి, ఓ, సి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. అది డచ్చి కంపెనీ గుర్తు. పాలకొల్లులోనూ, కాకినాడ జగన్నాథపురంలోనూ వారి వర్తక స్థావరాలు ఉండేవి. ఆ రాగికాసు దిష్టి తగలకుండా ఎంతమంది పిల్లల నడుముకు కట్టారో ఆ ఇంటి పెద్దావిడ వేళ్లమీద లెక్కపెట్టి, పేర్లతో సహా చెప్పింది. ఆ పేర్లన్నీ రాసుకున్నాము.

2024 వేసవి నాటికి రిజిస్టరు చూసుకుంటే రెండు వందలకు పైగా వస్తువులు చేరాయి. అందులో దళితులుండే పేట నుంచి వచ్చినవి నాలుగే. ఇది కలిగినవారి మండువా లోగిళ్ల మ్యూజియమే అవుతుందా అన్న దిగులు పట్టుకుంది. పేటలో అడిగితే ఒకావిడ, ‘మా దగ్గరేముంటాయండీ, ఎనభయ్యారు గోదారికి గుడిసెలతో సహా కొట్టుకుపోలేదా’ అంది. నిజమే. మిద్దె ఇంటి అటకమీది పెట్టె మూడు వరదలు చూస్తుంది, గుడిసెలో పెట్టె ఒక్క వరదకు కూడా ఆగదు.

పేట చర్చిలో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉందని అక్కడి యువకుడొకరు చెప్పారు. పాస్టరు గారు పుస్తకం చర్చి దాటడానికి వీల్లేదని, ఆదివారం ఆరాధన అయిన తరువాత అక్కడే నకలు తీసుకోవచ్చని అన్నారు. 1930ల నుంచి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, వయసు వరుసగా ఉన్నాయి. మేము ఫొటోలు తీస్తుంటే చుట్టూ చేరినవాళ్లు పేర్లు బిగ్గరగా చదవమన్నారు. తమ నాయనమ్మ పేరు వినబడగానే ఒక నడివయసావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లిపోయింది. ఆ తరువాత రెండు నెలలపాటు ఆదివారాలు అక్కడే గడిపాము.

కరణం గారి ఇంటి పుస్తకాల్లో పాలేర్ల పద్దు ఒకటి ఉంది. ఎవరు ఎంత ధాన్యానికి ఏడాది పాలేరుగా కుదిరారో, మధ్యలో ఎంత బాకీ పడ్డారో అందులో ఉంది. ఇంటిపేరు ఉండదు, ఒంటి పేరే. చర్చి రిజిస్టరులోని ఒక పేరూ, తండ్రి పేరూ ఈ పద్దులో ఉన్న ఒక పేరుతో, దాని పక్కన రాసిన ‘ఫలానావాని కొడుకు’ అన్న మాటతో సరిగ్గా కలిశాయి. ఆయన మునిమనవడు అమలాపురంలో ఎలక్ట్రీషియన్. చెప్పాలా వద్దా అని తటపటాయిస్తూనే, బిందె సంగతి గుర్తుంచుకుని, ముందు ఆయనకే చూపించాము. ఆయన చాలాసేపు ఆ పేజీ చూసి, ‘తాత బాకీ తీర్చాడో లేదో కూడా ఉందాండీ?’ అని అడిగారు. మూడేళ్ల తరువాతి తేదీతో ఆ పద్దు కొట్టివేసి ఉంది. ‘అయితే పెట్టండి, కొట్టివేత కనబడేలా పెట్టండి’ అన్నారు.

ఈసారి అభ్యంతరం రెండో వైపు నుంచి వచ్చింది. పుస్తకం కరణం గారి వారసులది, పసుపు రసీదు మీద ఉన్నది. తమ తాతగారిని పాలేర్ల చేత పనిచేయించుకున్న మనిషిగా చూపిస్తారా అని వారి బాధ. ఆ రోజుల్లో అందరూ చేసిందే కదా, మమ్మల్నొక్కరినే ఎందుకు నిలబెడతారని వాదించారు. వారి వాదనలో న్యాయం లేకపోలేదు. అయినా ఊళ్లో ఆ మనుషుల గురించి మిగిలిన రాత అదొక్కటే. దసరాకు మొదలైన చర్చ సంక్రాంతి ముందు వారం దాకా నడిచింది. పుస్తకం అల్మారాలో ఉంటుంది, ఆ ఒక్క పేజీ నకలు మాత్రం గోడమీద ఉంటుంది, కింద కరణం గారి పేరు రాయకుండా ‘ఊరి ఒక రైతు ఇంటి పద్దు’ అని రాస్తామన్న షరతుమీద ఒప్పుకున్నారు. ఊళ్లో అందరికీ అది ఎవరి ఇల్లో తెలుసు.

పెద్దవాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేయాలనుకునేవారికి రెండు సూచనలు. ఫ్యాను కట్టేయమని అడగడానికి మొహమాటపడకూడదు. ఆ హోరులో సగం మాటలు పోతాయి. భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టకూడదు. కాలువ పడవ నడిపినాయన ఒకరు లాకుల దగ్గర పడవలు వరుస కట్టడం, గట్టు వెంబడి తాడు పట్టి లాగడం, కాలువ సిబ్బంది అయిన లస్కర్లతో బేరాలు చెబుతుంటే, భార్య పక్కనుంచి ప్రతి మాటా సరిదిద్దింది. మరోసారి ఆమెను విడిగా అడిగితే, ఆయన లేని వారాల్లో ఇల్లు ఎలా గడిచిందో, 1996 నవంబరు 6 రాత్రి తుపానులో పిల్లలతో స్కూలు గదిలో ఎలా ఉన్నారో, తెల్లారేసరికి కొబ్బరితోటలో ఒక్క చెట్టు నిలబడి లేదని ఎలా తెలిసిందో ఆమే చెప్పింది. రెండు రికార్డుల్లో ఆమెదే మంచిది.

ఖర్చులో పెద్ద భాగం తేమకు పోయింది. తేమ కొలిచే చిన్న యంత్రం ఆరు వందల యాభైకి తెప్పించుకుని గదిలో పెడితే, జూలై నుంచి అక్టోబరు దాకా 85 శాతానికి తగ్గలేదు. 65 శాతం దాటితే బూజు పడుతుందని చెప్పారు. గది మొత్తానికి యంత్రం పెట్టే స్తోమత లేదు కనుక, మూతబడిన బట్టల కొట్టు నుంచి అద్దాల అల్మారాలు రెండు పదిహేను వేలకు కొని, సందులకు రబ్బరు పట్టీలు వేయించి, లోపల సిలికా జెల్ గిన్నెలు పెట్టాము. నీలంగా ఉన్న గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకు మారతాయి. పెనం మీద సన్నని సెగన వేపితే మళ్లీ నీలంగా అవుతాయి. వానాకాలంలో వారానికొకసారి ఆ వేపుడు మా ఇంట్లో జరుగుతుంది. చెదల భయానికి చెక్క అరలు వద్దనుకుని పాత ఇనుప ర్యాకులు తొమ్మిది వేలకు తీసుకున్నాము. అల్మారాల్లో వేపాకు వేయమని చాలామంది చెప్పారు; పచ్చి ఆకు తేమ తెస్తుంది కనుక వద్దన్నాను. నంబర్లు వస్తువు మీద నేరుగా రాయకుండా ఇత్తడికి నూలుదారంతో అట్టముక్క కట్టి, కాగితాలకు వెనుక మూలన మెత్తని పెన్సిలుతో వేశాము. రంగులు, కరెంటు పని, చీటీల అచ్చు, ప్రయాణాలు అన్నీ కలిపి లక్షా ముప్పై వేలు దాటింది. అందులో సగం పైన హైదరాబాదు, బెంగళూరుల్లో ఉన్న ఊరివాళ్లు పంపినదే.

కనుమ రోజున తెరవడానికి కారణం వాళ్లంతా పండక్కి ఊరు రావడమే. ఆ మూడు రోజులూ ఊరు నిండుగా ఉంటుంది, ప్రభల తీర్థాలకు చుట్టుపక్కల వారంతా వస్తారు. పొద్దున్నే వచ్చినవాళ్లు వస్తువులను చూడనే లేదు. ముందు చీటీల్లో తమ ఇంటిపేరు ఉందో లేదో వెతుక్కున్నారు. లేనివాళ్లు నా దగ్గరికి వచ్చి అలిగారు. మధ్యాహ్నానికి ఒక ఇంటివారు రోలు, ఇంకొకరు తమ తాతగారి చేతికర్ర పట్టుకొచ్చారు. ఎలక్ట్రీషియన్ తన పిల్లలిద్దరినీ తీసుకువచ్చి పద్దు పేజీ ముందు నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. కరణం గారి పెద్ద మనవడూ అదే సమయానికి మెట్లెక్కి వచ్చారు. ఇద్దరూ పలకరించుకున్నారు, వరి ధర గురించి మాట్లాడుకున్నారు, పేజీ గురించి ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు గది ఆదివారాలు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా తెరిచి ఉంటుంది. మిగతా రోజుల్లో తాళం మా ఇంట్లోనూ, మాస్టారి ఇంట్లోనూ ఉంటుంది. చర్చి రిజిస్టరు నకళ్ల పని ఈ మార్చిలో పూర్తయింది. ఒక ప్రతి చర్చిలోనే ఉంచాము. పసుపు రసీదుల గడువు 2027 జనవరితో ముగుస్తుంది. ఇప్పటికే ఇద్దరు తమ వస్తువులు వెనక్కి కావాలని చెప్పారు, బిందె కోడలు గారు మాత్రం తెల్ల రసీదుకు మార్చమన్నారు. అందుకు ఆవిడ మరుదులు ముగ్గురి ఒప్పుదల కావాలి; ఇద్దరిది వచ్చింది, దుబాయిలో ఉన్న మూడో ఆయన మాట కోసం చూస్తున్నాము.